పాసంగం

పుస్తకంలో త్రాసు అని ఉంది.
పిల్లలు తరాజు అన్నారు.
నేను తూచుట అన్నాను,
వాళ్లు జోకుడు అన్నారు.
సరే, జోకుదాం పాండ్రి అని
కందికట్టె నడుమ దారం కట్టి
చెరోపక్క పెయింటు డబ్బా మూత వేలాడదీశాను.

ఏమీ పెట్టకముందే
ఎడమ మూత కిందికి పోయింది.

మూడో తరగతంతా నవ్వింది.
నయీం మాత్రం నవ్వలేదు.
వాళ్ల అబ్బా చండూరు అంగడిలో ఉల్లిగడ్డలమ్ముతాడు.
"పాసంగం కట్టాలె మేడం" అని
చప్పరిస్తున్న చింతపండు బుగ్గలోంచి తీసి
కుడి మూత అడుగున అంటించాడు.
కట్టె తిన్నగా నిలిచింది.

పదకొండేళ్ల సర్వీసు నాది.
ఆ మాట ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు.

తర్వాత రెండు బత్తాయిలు తీశాను,
పెద్దదొకటి, చిన్నదొకటి.
ఏది బరువంటే వేళ్లన్నీ పెద్దదాని వైపే.
చెట్టు మీదే ఎండి బెండైన కాయ అది,
మూతలో పెడితే గాలిలోకి లేచింది.
చిన్నది రసం బిగబట్టుకుని కింద కూర్చుంది.
"అంటే పెద్దగున్నోళ్లంత బరువుండరన్నట్టు"
వెనక బెంచీలోంచి ఒక గొంతు.
కిటికీ అవతల హెడ్మాస్టరు నడిచిపోతున్నారు.
నేను వినలేదు.

కళ్లు మూసుకోండి, చేతులు చాచండి అన్నాను.
ఇరవై ఇద్దరు పిల్లలు
ఇరవై రెండు తరాజులయ్యారు.
ఒక చేతిలో పలక, ఒక చేతిలో డస్టరు,
ఒకడు నవ్వాపుకోలేక రెండూ పారేసుకున్నాడు.

ఆ రోజే కిలో తయారుచేశాం.
ఒకవైపు ఉప్పు పొట్లం,
ఇంకోవైపు పాత యూనిఫాం గుడ్డతో కుట్టిన సంచి.
అందులో ఇసుక గుప్పెడు, గుప్పెడు,
ఆఖర్న చిటికెడు చిటికెడు.

అప్పుడడిగాను, అన్ని బళ్లలో అడిగేదే:
కిలో రాయి, కిలో దూది, ఏది బరువు?
రాయి, రాయి అని అరిచారు.
నవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.
సునంద ఒక్కతే "దూది" అంది.
"రాయికైతె ఒక్కపారి ఒంగితె సాలు మేడం.
దూదికి మా అమ్మ ఎన్నిపార్లొంగుతదో లెక్కవెట్టిన.
నూట డెబ్బై దాక లెక్కవెట్టిన,
అప్పటికింక కిలో గాలె."

సమానం అని బోర్డు మీద రాశాను.
రాశాక కూడా సుద్దముక్క కింద పెట్టలేదు.

బడి ఇడిసినంక వచ్చి నిలబడింది.
"ఇసుక సంచి ఇయ్యాల్టికిస్తరా?"
ఎందుకే?
"పత్తి జోకే కాంట. ఏం తగిలియ్యకముందే
ముల్లు సున్నకెనక నిలవడుతది.
అడిగితె పాత కాంట అట్లనే ఉంటదంటరు.
దానిక్కూడ పాసంగం కట్టాలె."

ఇచ్చాను. స్టాకు రిజిస్టర్లో రాయలేదు.

మర్నాడు సునంద రాలేదు.
ఆ మర్నాడూ రాలేదు.
తొమ్మిదేళ్ల పిల్ల చేతికి
కిలో ఇసుకే ఇచ్చానా, ఇంకేమైనా ఇచ్చానా అని
రాత్రి పక్కమీద లేచి కూర్చున్నాను.

మూడోనాడు ఈదమ్మ వచ్చింది.
వెనకాల సునంద, జడలు లేవు, తల దువ్వలేదు.
గుమ్మం బయటే చెప్పులిడిసి
సంచిని నా టేబుల్ మీద పెట్టిందామె.
ఒక మూల ఎర్రదారంతో కొత్త కుట్టు.
కాంట కాడ ఏమైందో నేనడగలేదు.
ఆమె చెప్పలేదు.
"గుంజులాటల పిగిలింది, కుట్టిన.
జోకి సూడు మేడం,
మీది మీకు సక్కగ ముట్టిందో లేదో."

పిల్లలు చుట్టూ మూగారు.
నయీం మూత కింద చింతపండు గిల్లి చూసి
ఉందిలే అన్నట్టు తలూపాడు.
ఇటు ఉప్పు, అటు ఇసుక.
కందికట్టె ఊగింది, ఊగింది,
ఇసుక వైపు వెంట్రుకంత తేలింది.

ఈదమ్మ కొంగు ముడి విప్పింది.
చెల్క మన్ను, ఎర్రది, చారెడు కూడా లేదు.
వస్తూ వస్తూ ముడేసుకున్నట్టుంది.
మూడువేళ్లతో తీసి రాల్చింది,
ఆగింది,
ఇంకాస్త రాల్చింది.

కట్టె నిలబడ్డది.
అప్పటిగ్గాని
ఆమె పోయి చెప్పులు తొడుక్కోలేదు.